వాతావరణ మార్పు: నగర, ప్రాంతీయ ప్రణాళిక

వానల ఉధృతి పెరుగుతోంది, ఎండలు ముదురుతున్నాయి, సముద్ర మట్టం పైకి వస్తోంది. వీటిని ముందే లెక్కలోకి తీసుకుని ఏ నేలను దేనికి వాడాలో, ఎక్కడ కట్టాలో, ఎక్కడ కట్టకూడదో తేల్చే పనిని వాతావరణ అనుకూలన ప్రణాళిక అంటారు. బొగ్గు, పెట్రోలు వాడకం తగ్గించి భూమి వేడెక్కకుండా చూసుకోవడం ఒక పని. ఇప్పటికే వేడెక్కిన భూమి మీద బతకడానికి తగ్గ ఏర్పాట్లు చేసుకోవడం ఇంకో పని. మొదటిది దేశాల మధ్య ఒప్పందాలతో నడుస్తుంది. రెండోదానిలో ఎక్కువ భాగం మున్సిపల్ కార్యాలయాల్లో, నీటిపారుదల శాఖలో, రెవెన్యూ రికార్డుల్లో తేలుతుంది. అందుకే అంతర్జాతీయ సభల్లో దీని గురించి వినిపించేది తక్కువ, తహసీల్దారు కార్యాలయంలో జరిగేది ఎక్కువ.

పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయితో పోలిస్తే భూ ఉపరితల సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ పెరిగిందని అంతర్ ప్రభుత్వ వాతావరణ మార్పు సంఘం (ఐపీసీసీ) 2021లో నిర్ధారించింది. ఒక్క డిగ్రీయే కదా అనిపించవచ్చు. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. ఆ తేమంతా ఒకేసారి దిగితే కుండపోతే. ఏడాది మొత్తం వర్షపాతం పెద్దగా మారకపోయినా అది తక్కువ రోజుల్లో, తక్కువ గంటల్లో కురుస్తుంది. మిగిలిన రోజులు ఎండిపోతాయి. ఒకే ఊరు జూన్‌లో ట్యాంకర్ కోసం ఎదురుచూసి, సెప్టెంబర్‌లో పడవ ఎక్కాల్సి రావడానికి కారణం ఇదే.

లెక్క ఎక్కడ తప్పుతోంది

వంతెన ఎత్తు, మురుగు కాలువ వెడల్పు, చెరువు అలుగు పొడవు... ఇవన్నీ గతంలో నమోదైన వానలను బట్టి తేల్చే లెక్కలు. ఇంజనీర్లు వాడే ‘వందేళ్ల వరద’ అంటే నూరేళ్లకోసారి మాత్రమే వచ్చేదని అర్థం కాదు. ఏ ఏడాదిలోనైనా అది రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని అర్థం. అంటే ముప్పై ఏళ్ల గృహరుణం తీరేలోపు అలాంటి వరద కనీసం ఒకసారైనా ఆ ఇంటి గడప తొక్కే అవకాశం నూటికి ఇరవై ఆరు. ఈ లెక్క కూడా వాతావరణం పాత పద్ధతిలోనే నడుస్తుందనుకుంటేనే నిలుస్తుంది. గత యాభై ఏళ్ల వర్షపాతాన్ని చూసి రాబోయే యాభై ఏళ్లకు కాలువ తవ్వితే అది పూర్తయిన రోజే ఇరుకవుతుంది.

రెండో తప్పు నేలది. పొలం మీద పడ్డ వానలో కొంత ఇంకుతుంది, కొంత గట్ల మధ్య నిలుస్తుంది, మిగిలింది నిదానంగా వాగు చేరుతుంది. అదే పొలం లేఅవుటై, సిమెంటు రోడ్లూ టైల్స్ పరిచిన వాకిళ్లూ వస్తే చాలావరకు నీరు నిమిషాల్లో పల్లానికి పరుగెడుతుంది. కాబట్టి పట్టణ వరదకు వాతావరణం ఒక్కటే కారణం కాదు. వాన పెరిగినందువల్ల వచ్చిన నష్టమెంత, నేల మూసుకుపోయినందువల్ల వచ్చిందెంత అని విడదీయడం కష్టమే. ప్రణాళికాకర్తకు ఆ విభజనతో పెద్ద పని లేదు. వాన ఆయన చేతిలో లేదు, నేల ఉంది.

మూడోది హద్దుల తప్పు. మాస్టర్ ప్లాన్ కార్పొరేషన్ సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. వాగు ఆగదు. అందుకే నగర ప్రణాళిక, ప్రాంతీయ ప్రణాళిక రెండూ వేర్వేరు శాస్త్రాలైనట్టు నడిచిన రోజులకు కాలం చెల్లింది. నది పరీవాహక ప్రాంతం మొత్తాన్ని ఒకే పటంగా చూడకుండా వేసే నగర ప్రణాళిక సగం ప్రణాళికే. ఈ మాటకు తెలుగు నేల మీద మూసీని మించిన ఉదాహరణ లేదు.

మూసీ: 1908 నుంచి

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్ నగరాన్ని తుడిచిపెట్టింది. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. నగరానికి ఎగువన, నది పరీవాహక ప్రాంతంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయి. ఒక చెరువు కట్ట తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది, అదీ తెగుతుంది. గొలుసుకట్టు చెరువులకు ఉన్న బలమూ బలహీనతా ఇదే. మామూలు సంవత్సరాల్లో పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. అసాధారణ వానలో అదే వరస వరదను పెంచుకుంటూ పోతుంది.

నిజాం ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరద నుంచి నగరాన్ని కాపాడడానికి నగరంలో గోడలు కట్టడం చాలదని, నీటిని నగరానికి ఎగువనే ఆపాలని ఆయన తేల్చారు. ఆ సలహా మేరకే మూసీ మీద ఉస్మాన్ సాగర్ (1920), దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ (1927) వచ్చాయి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నది గట్లను, ఇరుకు బస్తీలను, రోడ్లను సంస్కరించే పని చేపట్టింది. వాతావరణ మార్పు అన్న ఊహే లేని రోజుల్లో జరిగిన పని ఇది. అయినా నదిని ఎగువ నుంచి దిగువ దాకా ఒకటిగా చూసిన తీరు, వరద రక్షణనూ తాగునీటినీ నగర నిర్మాణాన్నీ కలిపి ఆలోచించిన తీరు ఈనాటి పాఠ్యపుస్తకాలు చెప్పే ప్రాంతీయ అనుకూలనానికి చాలా దగ్గరగా ఉంది. ఆ తర్వాతి వందేళ్లలో మనం ఆ స్థాయికి దిగువనే ఉన్నాం అనడం అతిశయోక్తి కాదు.

ఈ జంట జలాశయాలలో ఒక చిక్కు మొదటి నుంచీ ఉంది. వరదను ఆపాలంటే జలాశయం ఖాళీగా ఉండాలి, తాగునీరివ్వాలంటే నిండుగా ఉండాలి. వానాకాలం చివర్లో ఈ రెండు అవసరాలూ ఢీకొంటాయి. ఇది మూసీకే పరిమితం కాదు. 2006 ఆగస్టులో తాపీ నది మీది ఉకాయ్ జలాశయం నుంచి ఒక్కసారిగా వదలాల్సి వచ్చిన నీటితో సూరత్‌లో అధిక భాగం మునిగింది. వానల తీరు మారుతున్న కొద్దీ గేట్లు ఎప్పుడు ఎత్తాలన్న పాత నియమావళిని కూడా తిరగరాయాల్సి ఉంటుంది. సూరత్ ఆ దిశలో ముందు నడిచింది. నగర పాలక సంస్థ, జలాశయ అధికారులు, పరిశోధకులు కలిసి ముందస్తు హెచ్చరికల వ్యవస్థను రూపొందించుకున్నారు.

జంట జలాశయాల్లోకి నీరు చేరే దారులను కాపాడడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1996 మార్చి 8న జీవో 111 తెచ్చింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, దట్టమైన నివాస కాలనీలను నిషేధించింది. దాని అసలు ఉద్దేశం తాగునీటి నాణ్యత. అయినా అనుకోకుండానే నగరానికి ఎగువన లక్ష ఎకరాలకు పైగా నేలను కాంక్రీటు పడకుండా ఉంచిన నియమం అదే. నగరానికి కృష్ణా, గోదావరి జలాలు వచ్చాక జంట జలాశయాల అవసరం తగ్గిందన్న వాదనతో 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా తెలంగాణ ప్రభుత్వం ఈ ఆంక్షలను సడలించింది. భూమి అమ్ముకోలేక పాతికేళ్లు నష్టపోయామన్న గ్రామస్థుల బాధలో న్యాయం ఉంది. నగరం మొత్తానికి మేలు చేసే నిషేధపు భారాన్ని 84 గ్రామాలే ఎందుకు మోయాలి? దానికి పరిహారం చూపకుండా నిషేధం పెట్టడం ఒక పొరపాటు, పరిహారం చూపకుండానే ఎత్తేయడం మరో పొరపాటు. తాగునీటి అవసరం తీరిందన్న వాదన నిజమే అయినా, వరద పట్టుకునే పని ఆ నేలకు ఇంకా మిగిలే ఉంది.

2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో కురిసిన వాన మరో సంగతి బయటపెట్టింది. ఘట్‌కేసర్ దగ్గర 24 గంటల్లో 32 సెంటీమీటర్లు పడింది. ఈసారి దెబ్బ ప్రధానంగా నది నుంచి కాదు, నగరంలోని చెరువుల నుంచి, నాలాల నుంచి వచ్చింది. ఆ వారంలోనే దక్షిణ హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు గుర్రం చెరువు తెగి కింది బస్తీలు మునిగాయి. ఎగువ నీటిని ఆపడానికి కట్టిన జలాశయాలు నగరం నెత్తినే కురిసిన వానను ఆపలేవు. ఆ పని చెరువులది, వాటిని కలిపే నాలాలది. అవేమో ఇరుకైపోయాయి. 2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడే కిర్లోస్కర్ కన్సల్టెంట్ల చేత అధ్యయనం చేయించారు, నాలాల వెడల్పు పెంచాలని అది సిఫారసు చేసింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2020 వరద దెబ్బతో, వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. 2024 జులైలో చెరువుల, ప్రభుత్వ భూముల రక్షణకు హైడ్రా సంస్థ వచ్చింది.

చెరువు హద్దు ఎలా తేలుతుందన్నది ఇక్కడ కీలకం. అలుగు స్థాయి వరకు నీరు నిలిస్తే తడిసే మేరను పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ లోపలి నేల శిఖం. ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు శిఖం భూముల్లో సాగు చేసుకోవడం తెలంగాణలో పాత అలవాటు, చాలా చోట్ల పట్టాలు కూడా ఉన్నాయి. తర్వాత ఆ పట్టాలే ప్లాట్లయ్యాయి. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల ఎఫ్‌టీఎల్ చుట్టూ 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, అంతకంటే చిన్న నాలాకు 2 మీటర్లు. కాగితం మీద ఇది సరిపోతుందనిపిస్తుంది. అయితే అలుగును ఎవరో ఒక అడుగు తగ్గిస్తే ఎఫ్‌టీఎల్ ఎకరాల కొద్దీ వెనక్కి జరుగుతుంది. చెరువు ఆయకట్టు పోయాక తూము ఎత్తే నీరటికాడికి పనిలేదు, కట్టను చూసుకునే రైతుకు అవసరం లేదు. కావలి లేని చెరువుకు సర్వే రాళ్లొక్కటే రక్ష.

బుడమేరు, కొల్లేరు

మైలవరం కొండల వైపు పుట్టి విజయవాడ పక్కనుంచి కొల్లేరుకు చేరే బుడమేరును బెజవాడ దుఃఖదాయని అంటారు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, దాని వరదను మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు దశాబ్దాల కిందటే జరిగింది. ఈ ఏర్పాటు వెనక ఒక ఊహ ఉంది: బుడమేరు పొంగినప్పుడు కృష్ణ మరీ నిండుగా ఉండదని. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో ఆ ఊహ తప్పింది. విజయవాడలో కుండపోత కురిసింది. బుడమేరు గట్లకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2009 అక్టోబర్ నాటి రికార్డును అది దాటింది. నిండిన నదిలోకి కాలువ నీరు దిగదు. విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ప్రభుత్వం గట్ల పటిష్ఠానికి, ఆక్రమణల తొలగింపుకు ‘ఆపరేషన్ బుడమేరు’ ప్రకటించింది.

రెండు ప్రమాదాలు ఒకేసారి రావడాన్ని సంయుక్త విపత్తు అంటున్నారు. నదిలో వరద, నగరంలో వాన ఒకటి. నదిలో వరద, సముద్రంలో పోటు ఇంకొకటి. విడివిడిగా ఒక్కొక్కటీ అరుదే. కానీ ఒకే అల్పపీడనం రెండింటికీ కారణమైనప్పుడు అవి విడివిడి సంఘటనలు కావు. మన కాలువలు, రెగ్యులేటర్లు చాలావరకు వాటిని విడివిడిగా చూసి లెక్కగట్టినవే.

బుడమేరు చివర కొల్లేరు ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లపు నేలగా ఏర్పడి, రెండు వైపుల వాగుల నీటినీ పట్టుకుని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే సరస్సు ఇది. ప్రకృతి ఇచ్చిన వరద జలాశయం. 1999లో ప్లస్ 5 కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రాంసార్ జాబితాలో చేరింది. అయినా చేపల చెరువుల గట్లు సరస్సును గళ్లుగళ్లుగా చీల్చాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ గట్లను పగలగొట్టారు, తర్వాత చాలా చోట్ల మళ్లీ లేచాయి. చివరి సరస్సు నిండిపోతే వెనకున్న వాగు ఎగదన్నుతుంది. కాబట్టి విజయవాడ వరద రక్షణలో కొల్లేరు కూడా భాగమే, అది ఎన్నో మండలాల అవతల ఉన్నా, వేరే జిల్లాల పాలనలో ఉన్నా.

కృష్ణకు అవతలి ఒడ్డున అమరావతిది మరో పద్ధతి. రాజధాని ప్రాంతం గుండా పారే కొండవీటి వాగు, కృష్ణ నిండుగా ఉన్నప్పుడు నదిలో కలవలేక వెనక్కి తన్నేది. దానికి ఉండవల్లి దగ్గర 2018లో ఎత్తిపోతల పథకం పెట్టారు. నిండిన నదిలోకి నీటిని పంపులతో తోడి పోస్తారు. సమస్యను ముందే గుర్తించి పని చేయడం మెచ్చుకోదగ్గదే. పంపు మీద నిలబడ్డ నగరానికి కరెంటు పోని రాత్రి కావాలన్నది కూడా గుర్తుంచుకోవలసిన సంగతే.

నీటికి చోటిచ్చిన దేశాలు

సముద్ర మట్టానికి దిగువనున్న నేల ఎక్కువగా ఉన్న నెదర్లాండ్స్ 1953 ఫిబ్రవరి 1 నాటి ఉప్పెనలో 1,836 మందిని కోల్పోయింది. దాని తర్వాత కట్టిన ‘డెల్టా పనులు’ అనే అడ్డుకట్టలు ప్రపంచమంతా చూసివచ్చే ఇంజనీరింగు. అయితే ఆ దేశమే 2000 తర్వాత దారి మార్చుకుంది. ‘నదికి చోటు’ కార్యక్రమంలో ముప్పైకి పైగా చోట్ల కరకట్టలను వెనక్కి జరిపారు, పక్క కాలువలు తవ్వారు. నైమేఖన్ నగరం ఎదుట వాల్ నది గట్టును 350 మీటర్లు వెనక్కి జరపడానికి యాభై ఇళ్లదాకా ఖాళీ చేయించాల్సి వచ్చింది. గట్టును ఎత్తు పెంచుకుంటూ పోతే అది తెగిన రోజు నష్టం కూడా పెరుగుతుందన్నది ఆ మార్పు వెనకున్న ఆలోచన. ఈ పని అక్కడ సాధ్యం కావడానికి ఒక కారణం వాటర్‌స్కాప్ అనే నీటి మండళ్లు. 13వ శతాబ్దం నుంచి ఉన్నవి. వాటికి విడిగా ఎన్నికలు జరుగుతాయి, సొంతంగా పన్ను వసూలు చేసుకుంటాయి. నీటి హద్దులే వాటి హద్దులు.

రోటర్‌డ్యామ్‌లో 2013లో తెరిచిన బెంథెంప్లైన్ కూడలి పొడి రోజుల్లో బాస్కెట్‌బాల్ మైదానం, వాన రోజుల్లో 17 లక్షల లీటర్ల నీరు పట్టే గుంట. కోపెన్‌హాగెన్‌లో 2011 జులై 2న రెండు గంటల్లో సుమారు 150 మిల్లీమీటర్లు కురిసింది. మరుసటి ఏడాదే ఆ నగరం కుండపోత వానల ప్రణాళిక ఆమోదించింది, తర్వాత దాదాపు 300 పనుల జాబితా వేసింది. భూమి కింద పెద్ద పైపులు వేయడం కంటే కొన్ని వీధులను వరద కాలువలుగా, పార్కులను తాత్కాలిక చెరువులుగా మలచడమే చవక అని లెక్కతేలింది. డబ్బులో ఎక్కువ భాగం నీటి బిల్లుల నుంచే వస్తుంది. పార్కు లోతు చేసి, అంచుకు గట్టు పోసి, దిగువకు తూము పెట్టడం మన కుంటకు కొత్త కాదు. మనకు లేనిది కుంట కాదు, దానికి ఏటా వచ్చే బడ్జెట్.

చైనా అనుభవం వేరు. 2012లో బీజింగ్ వరద తర్వాత ‘స్పాంజి నగరాల’ విధానం తెచ్చి 2015లో 16 నగరాలతో మొదలుపెట్టింది. కురిసిన వానలో 70 శాతం నగరమే పీల్చుకోవాలన్నది లక్ష్యం. ఆ పథకం కింద భారీగా ఖర్చుపెట్టిన జెంగ్‌జౌ నగరంలో 2021 జులై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్లు పడింది. సొరంగాలు, మెట్రో మునిగి వందల మంది చనిపోయారు. నీరింకే కాలిబాటలు మామూలు వానకు పనికొస్తాయి, అలాంటి వానకు కాదు. దీన్ని చూపించి స్పాంజి నగరమే వృథా అనడం తొందరపాటు. ప్రతి ఏర్పాటుకూ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటినప్పుడు మనుషుల్ని ఎలా బయటికి తెస్తామన్నది కూడా ప్రణాళికలో ఉండాలి. మెట్రో స్టేషన్ తలుపు ఎవరు మూయాలి, సొరంగ రహదారిని ఎవరు ఆపాలి అన్న చిన్న నిర్ణయాలే ఆ రోజు ప్రాణాలు తీశాయి.

ఎండ

వరదలా ఎండ ఫొటోల్లో పడదు. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే భారత వాతావరణ శాఖ వడగాలులు ప్రకటిస్తుంది. తీర ప్రాంతానికి ఆ మొదటి హద్దు 37. తీరంలో తక్కువ డిగ్రీలకే ప్రమాదం రావడానికి కారణం తేమ. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. 2015 మే నెలలో వడదెబ్బకు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు రెండు వేల మంది చనిపోయారు. వారిలో చాలామంది ఎండలో పని మానలేని కూలీలు, వృద్ధులు.

నగరం పల్లె కంటే వేడిగా ఉండడానికి కారణాలు తెలిసినవే. కాంక్రీటు పగలు పీల్చుకున్న వేడిని రాత్రంతా విడుస్తుంది, ఇరుకు వీధుల్లో ఆ వేడి ఆకాశంలోకి పోలేదు, చెట్లు తగ్గి ఆవిరి తగ్గింది, ఏసీలు గదిలోని వేడిని వీధిలోకి నెడుతున్నాయి. పగటి గరిష్ఠం కంటే రాత్రి కనిష్ఠం పెరగడమే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే శరీరం కోలుకునే వేళ అది.

2010 మేలో అహ్మదాబాద్‌లో వడగాలుల వల్ల మామూలు కంటే 1,344 మరణాలు అదనంగా సంభవించాయని తర్వాతి అధ్యయనం తేల్చింది. 2013లో ఆ నగరం దక్షిణాసియాలో మొదటి వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. ఉష్ణోగ్రతను బట్టి పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు, ఆసుపత్రుల్లో సిద్ధం చేసిన పడకలు, చలివేంద్రాలు, పని వేళల మార్పు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. తెలుగు రాష్ట్రాలు కూడా 2015 తర్వాత అలాంటి ప్రణాళికలు వేసుకున్నాయి. అయితే ఇవన్నీ విపత్తు వేళ చేసే పనులు. ఇల్లే వేడెక్కకుండా కట్టడం ప్రణాళిక చేయాల్సిన పని.

అందులో తెలంగాణ చల్లని పైకప్పుల విధానం (2023) దేశంలో ముందడుగు. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను, అందులో 200 హైదరాబాద్‌లోనే, ఎండను తిప్పికొట్టే పూతతోనో పెంకులతోనో కప్పాలని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాటికే తప్పనిసరి. రేకుల ఇంట్లో ఉడికిపోయే వాడికి మాత్రం ఐచ్ఛికం. ఎవరికి ఎక్కువ అవసరమో వారికి ఆదేశం కాదు, సాయం కావాలి. డాబా మీద సున్నం కొట్టడం మన ఊళ్లలో ప్రతి వేసవీ చూసేదే. బస్తీల్లో ఆ పనికి వార్డు స్థాయిలో నిధులిస్తే లక్ష్యం త్వరగా చేరవచ్చు.

చెట్ల సంగతిలో ఒక హెచ్చరిక. నీడ ఇచ్చే వేప, కానుగ, చింత పెరగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, త్వరగా పచ్చగా కనిపించే కోనోకార్పస్‌ను రోడ్ల మధ్య వేలకు వేలు నాటారు. తర్వాత దాని వల్ల వచ్చే ఇబ్బందులు చూసి నాటడం ఆపమని తెలంగాణ ప్రభుత్వమే చెప్పింది. రోడ్డు మధ్యనున్న చెట్టు కారుకు నీడ. కాలిబాట మీది చెట్టు మనిషికి నీడ.

తీరం

1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పది వేల మంది చనిపోయారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖపట్నాన్ని తాకినప్పుడు మరణాలు పదుల్లో ఆగాయి. మధ్యలో వచ్చినవి ఉపగ్రహాలు, తుపాను షెల్టర్లు, ఖాళీ చేయించే యంత్రాంగం. ప్రాణనష్టం తగ్గినా ఆస్తినష్టం పెరుగుతోంది, ఎందుకంటే తీరం వెంట కట్టడం ఆగలేదు. హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో విశాఖలో కరెంటు తీగలను భూమిలోకి దింపడం మంచి అనుకూలనానికి ఉదాహరణ. కూలిన స్తంభాలనే మళ్లీ నిలబెట్టి ఉంటే పని త్వరగా అయ్యేది, మరుసటి తుపానుకు మళ్లీ కూలేవి.

కాకినాడ దగ్గర ఉప్పాడది తెగని కథ. దశాబ్దాలుగా సముద్రం ఊరిని తింటోంది. ఇసుక నింపిన జియోట్యూబులతో గోడ కట్టారు, రాళ్లు పోశారు, ప్రతి తుపానుకూ బీచ్ రోడ్డు మళ్లీ తెగుతోంది. గట్టి గోడ కట్టిన చోట అలల దెబ్బ ఆగినా, ఇసుక నడక చెదిరి పక్క తీరం కోతకు గురవుతుంది. పైగా గోదావరి, కృష్ణా ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడంతో డెల్టాలకు కొత్త మట్టి అందడం బాగా తగ్గింది. సముద్రం పైకి వస్తుంటే నేల కిందికి దిగుతోంది. కోరింగ మడ అడవులు ఉన్నచోట తీరం మెరుగ్గా నిలబడుతోంది, కానీ మడ అడవి పెరగడానికి కూడా ఒండ్రు కావాలి. ఇంత జరుగుతుండగా 2019 తీరప్రాంత నియంత్రణ ప్రకటన జనసాంద్రత ఎక్కువున్న తీర గ్రామాల్లో కట్టడాల నిషేధ పరిధిని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది.

చట్టం, డబ్బు, భారం

74వ రాజ్యాంగ సవరణ (1992) మహానగరాలకు ప్రణాళికా కమిటీలను, జిల్లాలకు జిల్లా ప్రణాళికా కమిటీలను ఏర్పరచాలంది. నగరాన్నీ చుట్టుపక్కల గ్రామాలనూ కలిపి చూడడానికి రాజ్యాంగం ఇచ్చిన వేదిక అది. అది దాదాపు అలంకారంగానే ఉంది. హైదరాబాద్‌లో ఒక్క చెరువు మీద రెవెన్యూ, నీటిపారుదల, పురపాలక, జలమండలి, కాలుష్య నియంత్రణ మండలి, హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) అన్నిటికీ అధికారం ఉంటుంది. వరద వచ్చిన రోజు మాత్రం బాధ్యత ఎవరిదని వెతుక్కోవాలి. గోరఖ్‌పూర్‌లో చిన్న ప్రయత్నమొకటి ఆసక్తికరం: నగర శివారు పొలాలు వరద నీటిని పట్టుకుంటాయన్న ఆలోచనతో, ఆ సాగు లాభసాటిగా నిలిచేలా రైతులకు సాయం చేశారు. నిషేధం లేకుండానే నేల తెరుచుకుని ఉంటుంది. జీవో 111 గ్రామాల్లో ఈ దారి గట్టిగా ప్రయత్నించనేలేదు.

పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధుల్లో 20 శాతాన్ని ముందస్తు నివారణకు కేటాయించింది. హైదరాబాద్ సహా ఏడు మహానగరాల వరద నివారణకు 2,500 కోట్ల రూపాయలు సూచించింది. పనికి ఇది ఆరంభమే. భూమి తీసుకోకుండా పరిహారమివ్వడానికి బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కులు, అంటే టీడీఆర్, ఒక సాధనం. చెరువు పక్క స్థలం వదిలినవారికి వేరేచోట అదనపు అంతస్తులు కట్టుకునే హక్కు పత్రం ఇస్తారు, దాన్ని అమ్ముకోవచ్చు. ప్లాటు యజమానికి ఇది పనికొస్తుంది. నాలా ఒడ్డున పట్టా లేని గుడిసెకు పనికిరాదు. నది ఒడ్డున పేదలను ఖాళీ చేయించి, అదే ఒడ్డుకు ‘రివర్ వ్యూ’ అపార్ట్‌మెంట్లకు అనుమతివ్వడాన్ని అనుకూలనం అనలేం. పునరావాసం పని దొరికే దూరంలో ఉందా లేదా అన్నదే అక్కడ మొదటి ప్రశ్న. ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల ఇచ్చిన ఇంటికి తాళం వేసి మళ్లీ నాలా ఒడ్డుకే వచ్చేస్తారు.

2006లో జీవో 86 హైదరాబాద్‌లో నిర్మాణ విస్తీర్ణ సూచికపై పరిమితిని ఎత్తేసింది. భవనం ఎత్తును ప్రధానంగా ఎదుటి రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ నిర్ణయిస్తూ వచ్చాయి. ఆ వీధి నాలా ఎంత నీరు మోయగలదన్నది ఆ లెక్కలో లేదు. మరోవైపు తెలంగాణలో మండలాల వారీగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి. గంటగంటకూ ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు పడిందో నమోదవుతోంది. కొన్నేళ్ల ఆ సమాచారంతో ప్రతి నాలా పరీవాహకానికీ కొత్త వర్షపాత పట్టికలు తయారుచేసి, వాటిని భవన అనుమతి నియమాల్లో చేర్చడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు, నిబంధనల సవరణ చాలు. 2050 కోసం హెచ్‌ఎండీఏ తయారీ చేపట్టిన కొత్త మాస్టర్ ప్లాన్‌లోనూ ఆ పట్టికలకు చోటివ్వవచ్చు.